పెద్ద గేజీ మీద బొట్టు

ముసలాయన భుజం మీది తువ్వాలు తీసి, మిషను లోపలి ఒత్తిడి చూపే పెద్ద గేజీ అద్దానికున్న కుంకుమ బొట్టును శుభ్రంగా తుడిచేశాడు.

ఐసు ఫ్యాక్టరీ మిస్త్రీ ముత్యానికి ఒళ్లు మండిపోయింది.

"ఏయ్! పూజ చేసిన మిషను బొట్టు తుడుస్తవా? ఎవలు రానిచ్చిండ్రు నిన్ను లోపలికి?"

రెక్క పట్టి గుంజాడు. ముసలాయన తూలి గోడకు తగిలాడు. మాసిన ధోవతి, తెగిన చెప్పులు, చంకలో గుడ్డ సంచి. అరవై రెండులో మంచిర్యాల ఎండలు మామూలు ఎండలు కావు. చల్లదనం కోసం ఐసు ఫ్యాక్టరీలోకి దూరే బాటసారులు రోజుకు పదిమంది. ఇతనూ ఆ బాపతేనని ముత్యం అనుకున్నాడు.

అసలే నాలుగు రోజులుగా ఐసు కట్టడం లేదు. మిషను ఆగకుండా తిరుగుతోంది, డబ్బాల్లో నీళ్లు మాత్రం నీళ్లుగానే ఉంటున్నాయి.

"ఏం జేస్తున్నవ్ తమ్మీ?" నిలదొక్కుకొని అడిగాడు ముసలాయన.

"కనబడ్తలేదా? మిషన్ల అమోనియా గ్యాసు తక్కువైంది, ఎక్కిస్తున్న."

"గ్యాసు తక్కువైతే రెండు గేజీల ముళ్లు కిందికి పడాలె. చిన్నదొక్కటే చూస్తే ఎట్ల? గీ పెద్దది చూడు."

బొట్టు పోయిన అద్దంలో ముల్లు ఎర్రగీత దాటి వణుకుతోంది. శుక్రవారం శుక్రవారం బొట్టు మీద బొట్టు పెడుతూ వచ్చిన ముత్యం, ఆ ముల్లును చూసి ఎన్నాళ్లయిందో!

"మొన్న మిషను విప్పినవా?"

"వాషర్లు మార్చిన. అయితే ఏంది?"

"అప్పుడే లోపలికి గాలి జొచ్చింది. దీని మీద ఇంకింత గ్యాసు ఎక్కిస్తే పైపులు పగుల్తయి. మిషను ఆపి, పైనున్న నల్లాకు రబ్బరు పైపు పెట్టు. కొస నీళ్ల బకెట్ల ముంచి, నల్లా జరంత తిప్పు. గ్యాసైతే నీళ్లల్ల కరిగిపోతది, బుడగలు వచ్చినంత సేపు గాలి. ఆగినంక కట్టేయ్."

తప్పు తనదేనని ముత్యానికి అర్థమైంది. అర్థమైన కొద్దీ కోపం పెరిగింది.

"చెప్పొచ్చినవ్! ఇయ్యాల్నో రేపో బల్లార్షా నుంచి కొత్త మిస్త్రీ దిగుతుండు. దొర నన్ను తీసేసి ఆయన్ను పెట్టుకుంటడట. ఇద్దరు ఆడపిల్లలను పట్టుకొని నేనెక్కడికి పోవాలె? నడుమ నీ పెత్తనమొకటి! నడువ్ బయటికి!"

ముసలాయన చంకలోని సంచి సర్దుకున్నాడు. కాసేపు ముత్యం మొహంలోకి చూశాడు.

"నేను చెప్పినట్టు జేయ్ తమ్మీ. జర మంచినీళ్లిస్తే తాగి పోత."

ముత్యం వినబడనట్టు అటు తిరిగాడు. బకెట్ నింపుకొని వచ్చేసరికి మనిషి లేడు.

బుడగలు అరగంట సేపు వచ్చాయి. మర్నాటికి డబ్బాల నిండా తెల్లటి గడ్డలు.

యజమాని ప్రేమ్‌సాగర్‌రావు దొర వచ్చి చూసి వీపు తట్టాడు. "శెబ్బాస్ ముత్యం! తప్పు నువ్వే పట్టినవా?"

"అవును దొరా."

అన్నాడే గానీ ఆ రోజు అన్నం సయించలేదు. దాహమన్న మనిషికి ఐసు ఫ్యాక్టరీలో చుక్క నీళ్లివ్వలేదు. పైగా అతని తెలివిని తన తెలివిగా చెప్పుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. సాయంత్రం బస్టాండు, రైల్వేస్టేషను వెతికి వచ్చాడు. ముసలాయన ఎక్కడా కనబడలేదు.

మూడో రోజు దొర కార్డు ముక్క పట్టుకొని వచ్చాడు.

"నీ కొలువుకు ఢోకా లేదు పో. బల్లార్షా మిస్త్రీ అంతయ్య రానని రాసిండు."

"ఎందుకట దొరా?"

దొర చదివాడు. "శనివారం వచ్చి మీ మిషను చూసినాను. మీ మిస్త్రీకి పని తెలుసు. ఆయననే ఉంచుకోగలరు."

ముత్యం తల ఎత్తలేకపోయాడు.

దొర కార్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ ముసలోడేం మనిషో! ఆర్నెల్ల సంది కొలువు లేదు, ఇంట్ల పొయ్యి వెలుగుతలేదు, జర పిలువుండ్రి అని నాకు నాలుగు కార్డులు రాసింది గీయనేనాయె!"