తలుపు తట్టేదెవరు?

కాలేజీ గేటు దాటీ దాటకముందే తండ్రీకూతుళ్ళ పోట్లాట మొదలైంది.

"ముందు లైబ్రరీ చూద్దాం," అన్నాడు తండ్రి. ఆయనకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. చదువు తప్ప మరో మాట చెవికెక్కని మనిషి.

"ముందు స్టేజీ నాన్నా! ఆటా పాటా లేని చోట నోరు కుట్టేసుకుని కూర్చోవడం నా వల్ల కాదు."

"పాటలు కూడు పెడతాయా?"

"పుస్తకాలు కబుర్లు చెప్తాయా?"

ఇద్దరికిద్దరే. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్ళకి మూడే కాళ్ళు.

అంతకుముందు చూసిన కాలేజీల్లో ఒకదాంట్లో చదువుంది, నవ్వే మొహం ఒక్కటి లేదు. ఇంకోదాంట్లో నవ్వులే నవ్వులు, లైబ్రరీకి మాత్రం తాళం.

ఇక్కడ రెండూ కుదిరాయి. లైబ్రరీలో కుర్చీ ఖాళీ లేదు. పక్క హాల్లో నాటకం రిహార్సల్ జరుగుతోంది. తండ్రి మొహమూ విచ్చుకుంది, కూతురి మొహమూ విచ్చుకుంది.

చూడ్డానికొచ్చిన వాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒక సీనియర్ అమ్మాయి మైకు పట్టుకుంది.

"ఏమైనా అడగాలంటే అడగండి."

తండ్రి ఉద్యోగాల సంగతి అడగబోయాడు. అంతలో వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. నలిగిన చొక్కా, చేతిలో గొడుగు.

"అమ్మా, హాస్టల్లో పొద్దున ఒక పిల్ల టిఫినుకి రాకపోతే ఆ గది తలుపు ఎవరు తడతారు?"

హాల్లో కొందరు కిసుక్కుమన్నారు.

"ఆకలేస్తే వాళ్ళే వస్తారు కదండీ," సీనియర్ కూడా నవ్వేసింది.

"రాకపోతే? సందడి రోజుల్లో అయితే అందరూ పాటల దగ్గరుందనుకుంటారు. అప్పుడెవరు తడతారు?"

తండ్రికి ఒళ్ళు మండింది. పానకంలో పుడకలా మధ్యలో ఈయనెవరు?

"ఏమండీ, అసలు మీరు ఎవరికోసం వచ్చారు?"

"మా అమ్మాయి కోసమండీ."

"ఏదీ, ఎక్కడ?"

"రాలేదండీ."

"బాగుందండీ వరస! పెళ్ళికూతురు లేకుండానే పెళ్ళా?" ఈసారి హాలంతా నవ్వింది. తండ్రికి ఇంకా ఊపొచ్చింది. "టీ బిస్కెట్లు అదిగో, ఆ బల్ల మీదున్నాయి. తీసుకుని వెళ్ళండి. మా పిల్లల సంగతి మమ్మల్ని అడగనివ్వండి."

పెద్దమనిషి వెళ్ళబోతూ, తండ్రి పక్కనున్న కూతురి దగ్గర ఆగాడు.

"ఇక్కడే చేరితే ముందు పక్క గది వాళ్ళతో స్నేహం చెయ్యి తల్లీ."

టీ బల్ల వైపు కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

"పాపం నాన్నా," అంది కూతురు.

"పాపమూ లేదు, గీపమూ లేదు. ఊరికే వచ్చే టీ కోసం తిరిగే రకం."

సీనియర్ మాత్రం ఎందుకో ఆ తర్వాత నవ్వలేదు.

కూతురు అక్కడే చేరింది. మార్కులూ వచ్చాయి, నాటకంలో వేషమూ వచ్చింది. షాపుకొచ్చిన వాళ్ళ ముక్కు మీద కళ్ళజోడు సర్దుతూ తండ్రి మురిసిపోయేవాడు.

"కాలేజీ ఎంచుకోవాలంటే నన్నడగాలండీ!"

వార్షికోత్సవం రోజు పొద్దున్నే ఫోనొచ్చింది. అమ్మాయి ఆసుపత్రిలో ఉందట.

ఎలా వెళ్ళాడో ఆయనకే తెలీదు.

"జ్వరం మెదడుకెక్కింది. గండం గడిచింది లెండి," అన్నాడు డాక్టరు. "ఇంకాస్త ఆలస్యమై ఉంటే దక్కేది కాదు. తీసుకొచ్చిన వాళ్ళకి దణ్ణం పెట్టుకోండి."

బయట బెంచీ మీద సీనియర్ కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అంత హడావుడిలో ఎలా తెలిసిందమ్మా?"

"మా హాస్టల్లో ఒక అలవాటుందండీ. టిఫినుకి వెళ్ళేముందు ఎవరి పక్క గది తలుపు వాళ్ళు తట్టాలి. లోపల్నుంచి మాట వినపడేదాకా కదలకూడదు. నిద్ర పాడుచేశామని తిట్టినా సరే. ఇవాళ తిట్టు కూడా వినపడలేదు. తలుపు పగలగొట్టాం."

"ఎవరు నేర్పారమ్మా మీకిది? వాళ్ళ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాను!"

సీనియర్ తల దించుకుంది.

"ఆ రోజు గొడుగు పట్టుకుని ఒకాయన వచ్చారు, గుర్తుందా? ఏటా వచ్చి ఆ ఒక్క మాటే అడిగేవారట. ఏటా అందరూ నవ్వేవాళ్ళట. నేనూ నవ్వాను కదండీ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి తట్టడం మొదలుపెట్టాం."

తండ్రికి ఆ రోజు తనన్న మాట గుర్తొచ్చింది. టీ బిస్కెట్లు తీసుకుని వెళ్ళమన్నాడే! ఆ నోటిని ఏం చేసుకోవాలి?

"ఆయన ఇల్లెక్కడ? ఇప్పుడే వెళ్తాను."

"తలుపు తడుతున్నామని చెప్దామని మొన్న మేమూ వెతుక్కుంటూ వెళ్ళామండీ. ఆయన పోయి నెల దాటిందని పక్కింటావిడ చెప్పింది."

తండ్రి బెంచీ మీద కూలబడ్డాడు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి ఆయన కూతురు? పాపం, ఎవరున్నారో ఏమో. ఆ పిల్లని నేను చదివిస్తాను. ఎక్కడుందో కనుక్కో అమ్మా."

సీనియర్ తల అడ్డంగా ఊపింది.

"ఆ అమ్మాయి చదివింది మా కాలేజీలోనేనండీ. చదువూ సందడీ రెండూ ఉన్నాయని ఆయనే ఏరికోరి చేర్పించారట. ఇలాగే ఒక వార్షికోత్సవం రోజున, పాటల దగ్గరుందిలే అనుకుని, ఎవరూ తలుపు తట్టలేదట."