కుప్పమ్మాళ్ వాళ్లమ్మ

రొమ్ము క్యాన్సర్ తల్లి నుంచి కూతురికి వస్తుందా, లేక తిండీ పొయ్యి పొగా తెచ్చిపెడతాయా అని విరుదునగర్ డాక్టర్ అలమేలు ఏళ్ల తరబడి నల్లరేగడి పల్లెలు తిరుగుతోంది. అడిగిన చోటల్లా ఆడవాళ్లు కొంగు సర్దుకుని లోపలికి పోయేవారు. 1934లో ఒక రోజు, చీకటి పడ్డాక, పుదూరు దగ్గరి పల్లెలో కుప్పమ్మాళ్ అనే ముసలామె మాత్రం ఆమెను తిన్నె మీద కూర్చోబెట్టింది.

"మా అమ్మ ఆ గడ్డతోనే పోయె, తాయీ," అంది.

అలమేలుకు ప్రాణం లేచొచ్చింది. "ఏ పక్క వచ్చింది? మొదట ఎంతుండేది?"

"నాకేం తెలుసు? అప్పుడు నేను చిన్నబిడ్డను."

"ఊహించి రాయకూడదమ్మా. గడ్డ వచ్చినవాళ్ల నోటి నుంచే వినాలి."

"అంతేనా?" కుప్పమ్మాళ్ చీకటి ఇంట్లోకి తిరిగి కేకేసింది. "అమ్మా! ఇట్లా రా. డాక్టరమ్మ నిన్నే అడగాలంట!"

లోపల చాప చుట్టిన చప్పుడైంది. తర్వాత గాజులు గలగలమన్నాయి. లాంతరు వెలుగు అందని చోట, గడప అవతల, ఎవరో వచ్చి కూర్చున్నారు.

"ఎడమ పక్క, తాయీ. మొదట చింతగింజంత ఉండె," అంది ఒక పడుచు గొంతు.

అలమేలు కాళ్లు పరుగెత్తమన్నాయి. కానీ ఇన్నేళ్లలో ఇంత తేటగా జవాబు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. కూర్చున్నచోటే ఉండి అడిగింది.

"మరి... మీ అమ్మగారికి కూడా వచ్చిందా?"

"నన్నేంటికి అడుగుతావు? ఉండు, పిలుస్తా."

పెరట్లో అప్పటికే ఎవరో దగ్గుతున్నారు.