వెనక మూడు ప్లగ్గులు

“దగ్గకు. మనం చూస్తున్నామని తెలిస్తే పని వదిలేసి పోతాడు,” అన్నాడు భర్త, గొంతు బాగా తగ్గించి.

“నేనెక్కడ దగ్గానండీ? దగ్గింది మీరే,” అంది భార్య.

ఇద్దరూ వంటగది కిటికీ తెర వెనక నిలబడి ఉన్నారు. ఎదురుగా కారు షెడ్డు. అందులో ముప్ఫై ఏళ్ళ నాటి కారు. ఎత్తి ఉన్న బానెట్ కింద చారల చొక్కా మనిషి ఒకడు నడుం దాకా దూరిపోయాడు.

ఆ కారంటే భర్తకి ప్రాణం. భార్య దాన్ని ‘నా సవతి’ అంటుంది. ఏడాదిగా అది గడప దాటలేదు. తాళం తిప్పితే నాలుగు దగ్గులు దగ్గి, ఒళ్ళంతా వణికి ఊరుకుంటుంది. స్పార్క్ ప్లగ్గులూ, వాటికి కరెంటు మోసే వైర్లూ పాడైపోయాయని అందరికీ తెలుసు. ఉన్నవి ఆరు ప్లగ్గులు. ముందు మూడూ చేతికందుతాయి. వెనక మూడూ ఇంజనుకీ, దాని వెనక రేకు గోడకీ మధ్య ఎక్కడో ఉంటాయి. కంటికి కనపడవు, చెయ్యి దూరదు.

కొత్త ప్లగ్గులూ వైర్లూ కొని వెనక సీట్లో పెట్టి కూడా ఏడాదైంది. ముగ్గురు మెకానిక్కులు వచ్చారు, ముగ్గురూ సగంలోనే వెళ్ళిపోయారు. అందులో ప్లగ్గుల తప్పేమీ లేదు. ఆ ఇంటాయన ముప్ఫై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. ఎవరేం చేస్తున్నా తప్పు పట్టకపోతే ఆయనకి తోచదు. మొదటివాడికి పానా పట్టుకోవడం నేర్పబోయాడు. రెండోవాడిని చేతులు కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. మూడోవాడు పానా ఈయన చేతిలోనే పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళాడు.

భార్యకి ఓపిక చచ్చిపోయింది. పాత ఇనుము వ్యాపారితో మాట్లాడేసింది. ఇవాళ సాయంత్రం అయిదింటికి వచ్చి కారుని లాక్కుపోతాడు. కళ్ళెదుట అది జరిగితే ఈయన తట్టుకోలేడని చెల్లెలి ఇంటికి ప్రయాణం పెట్టింది. గేటు తెరిచి ఉంచి, తాళంచెవి కారులోనే వదిలేసి, పొద్దున్నే బయల్దేరదీసింది. చెప్పులు వెతకడానికి భర్తకి అరగంట పట్టింది. బస్సు కాస్తా వెళ్ళిపోయింది. పదకొండింటికి దగ్గరి దారని వెనక గుమ్మంలోంచి ఇంట్లోకొచ్చారు. అప్పటి నుంచీ ఈ కిటికీ దగ్గరే ఉన్నారు.

“చెప్పులు వెతికినప్పుడే అనుకున్నాను, ఇనుమువాడి సంగతి మీకు తెలిసిపోయిందని,” అంది భార్య.

“అయిదు లోపల స్టార్టయితే కారు మనదే. ఇందాక నువ్వు మాటిచ్చావు.”

“ఇచ్చాన్లెండి.”

షెడ్డులోంచి కూనిరాగం వినిపిస్తోంది. ఆ మనిషి ముందు మూడు ప్లగ్గులూ పావుగంటలో మార్చేశాడు. తర్వాత చొక్కా విప్పాడు. ఇంజను మీద పాత గోనె పరిచి, దాని మీద బోర్లా పడుకున్నాడు. చెయ్యి భుజం దాకా లోపలికి పోయింది. కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడిమి నాలుగోది ఊడదీశాడు. కొత్త ప్లగ్గుని రబ్బరు గొట్టం ముక్కకి గుచ్చి, గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ లోపల బిగించాడు.

“చూశావుటే! ఆ ముగ్గురు ప్రబుద్ధులకీ ఈ ఉపాయం తట్టిందా?” భర్త మురిసిపోయాడు.

“పాపం, మూడు గంటలుగా ఒంగే ఉన్నాడు. మంచినీళ్ళయినా ఇవ్వనా?”

“నీకు పుణ్యముంటుంది, ఊరుకో. పలకరిస్తే పారిపోతాడు.”

“పోనీ ఫోనయినా చేసెయ్యనా?”

“ఇప్పుడేనా? ఇంకా రెండు ప్లగ్గులున్నాయి! బండి స్టార్టయ్యాక చేద్దాం.”

నాలుగింటికి ఆరో ప్లగ్గు బిగిసింది. అంతలో ఆ మనిషి పాత వైర్లు ఆరూ ఒక్కసారే పీకేశాడు.

“ఒక్కొక్కటే మార్చాలిరా...” భర్త నోరు తెరవబోయాడు. భార్య అరచేత్తో మూసేసింది. తెర కొద్దిగా కదిలింది. ఆ మనిషి కూనిరాగం ఆపి, ఇటు చూశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. కాసేపటికి రాగం మళ్ళీ మొదలైంది.

“గేటు!” అన్నాడు భర్త, నోరు విడిపించుకుని. “ఆ ఇనుమువాడు అయిదన్నాడంటే నాలుగున్నరకే దిగుతాడు. తాళం వేసిరా.”

ఆవిడ చెప్పుల్లేకుండా గోడ వారగా వెళ్ళి, చప్పుడు కాకుండా తాళం వేసి వచ్చింది.

ఆ మనిషి కొత్త వైర్లు తగిలించి, మొదటిసారి తాళం తిప్పేసరికి కారు ధడధడలాడింది. వైర్లు తారుమారయ్యాయి. ఏ వైరు ఏ ప్లగ్గుదో భర్త ఎప్పుడో గుండ్రటి అక్షరాలతో రాసి బానెట్ లోపల అంటించాడు. మెకానిక్కులెవరూ దాని వంక చూడలేదు. ఈ మనిషి బొటనవేలితో దుమ్ము తుడిచి, పై నుంచి కింద దాకా చదివాడు. రెండు వైర్లు అటూ ఇటూ మార్చాడు.

“చదివాడే!” అన్నాడు భర్త.

రెండోసారి కారు దగ్గలేదు, వణకలేదు. ఏడాది తర్వాత ఆ ఇంట్లో ఇంజను హాయిగా పలికింది. భర్త కళ్ళు తుడుచుకున్నాడు.

“సవతి అయితేనేం, గొంతు బాగుంది,” అని భార్య కూడా ఒప్పుకుంది.

ఆ మనిషి బానెట్ దించాడు. చొక్కా తొడుక్కుని, సీట్లో కూర్చుని, అద్దం సరిచేసుకున్నాడు.

“ఇంక చెయ్యండి,” అని భార్య ఫోను అందించింది.

భర్త గొంతు సవరించుకున్నాడు.

“పోలీస్ స్టేషనాండీ? మా ఇంట్లో పదకొండింటి నుంచీ దొంగ ఉన్నాడు, పనైపోయింది, ఇంక వచ్చి పట్టుకెళ్ళచ్చు.”