రొట్టెల సారు

కేతేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఆ సారు మీద జనం జోకులు వేయడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

ఆయన పేరు వెంకటరాజం. పట్నంలో ఆర్థిక పరిశోధన కేంద్రంలో ప్రాజెక్టు మేనేజరు. ఎవరికెంత చెలక ఉంది, ఏం పండుతోంది, ఇంట్లో తినే నోళ్లెన్ని అని రాసుకోవడానికి జీపులో మనుషులను తీసుకొచ్చాడు.

అంత పెద్ద సారు నీడపట్టున కూర్చోవచ్చు కదా. కూర్చోడు. గడప గడపకూ తనే తిరుగుతాడు. రాసే పని అమరేందర్ అనే ఉద్యోగిది. సారు అడిగేవి రెండే. కొడుకులెంతమంది? ఒక జొన్నరొట్టె పెడతారా?

పెట్టిన రొట్టెను వెంటనే తినడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూస్తాడు. దానమిచ్చిన ఆవుకు పళ్లు పట్టి చూసినట్టుందని ఆడవాళ్లకు ఒళ్లు మండేది. రొట్టెల సారు అని పేరు పెట్టింది ఊళ్లో అందరికీ పేర్లు తగిలించే బిక్షమ్మ. ఆమె పేరు పెడితే ఇక అది పోదు.

నర్సింగమ్మ ఇంటికి ఆయన వచ్చేసరికి పొద్దు వాలింది.

అప్పుడే ఆమె రెండు రొట్టెలు కాల్చింది. ఒకటి తనకు. రెండోది ఉట్టి మీద పెట్టి మూకుడు బోర్లించింది. అది కొడుకు దశరథానిది. దొరల మీద ఊళ్లు తిరగబడ్డ సంగం రోజుల్లో ఒక సాయంత్రం, అన్నం కూడా తినకుండా దళంతో వెళ్లిన పిల్లవాడు మళ్లీ రాలేదు. ఉన్నాడనీ, లేడనీ చెప్పినవారు లేరు. ఎవరైనా ఒక్క మాట మోసుకొస్తారని ఆమె ఇన్నేళ్లూ బాట వైపు చూస్తూనే ఉంది. తెల్లారి ఆ చల్లరొట్టె తనే తినేది. సాయంత్రానికి మళ్లీ కొత్తది కాల్చేది.

కానీ ప్యాంటు వేసుకున్న మనిషి గుమ్మంలోకి వస్తే మాత్రం ఆమెకు గుండె ఆగినంత పనయ్యేది. కొడుకు జాడ చెప్పమని అప్పట్లో పోలీసులు ఆమె పెనిమిటిని కొట్టిన దెబ్బలకు ఆయన మంచం పట్టి, మళ్లీ లేవలేదు. అప్పటినుంచి అలాంటి వాళ్లు ఎవరడిగినా ఆమె దగ్గర ఒకటే జవాబు.

"కొడుకులెంతమందమ్మా?" అన్నాడు సారు.

"లేరు సారూ. ఒక్క బిడ్డ. అత్తగారింట్ల ఉన్నది."

"ఎన్నడూ లేరా?"

"నా కడుపున మొగపిల్లగాడు పడనే లేదు."

మాట తడబడలేదు.

సారు రొట్టె అడిగాడు. ఆమె ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, తన రొట్టె తెచ్చి పెట్టింది. ఆయన దాన్ని రెండు వైపులా చూసి, మెల్లగా తిన్నాడు. తింటూ తలెత్తి, గుమ్మంలోంచి లోపలి ఉట్టి వైపు చూశాడు.

"అండ్ల ఏమున్నదమ్మా?"

"కుక్కకు పెట్టిన ఎంగిలి రొట్టె."

"జర చూడొచ్చా?"

నర్సింగమ్మ వెళ్లి ఉట్టికి అడ్డంగా నిలబడింది. "ఎంగిలిది సారూ. మీరు చూసేటిది కాదు."

ఆయన ఇంకేమీ అడగలేదు. దండం పెట్టి వెళ్లిపోయాడు. ఆమె మంచినీళ్లు తాగి పడుకుంది.

మరుసటి ఏడు జొన్న కోతలప్పుడు ఒక సాయంత్రం జీపు మళ్లీ వచ్చింది. అమరేందర్ ఒక్కడే దిగాడు. నర్సింగమ్మ అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చింది.

"పెద్దసారు రాలేదా బిడ్డా?"

"పోయిండు అవ్వా. గుండెనొప్పి వచ్చింది, దవాఖానకు తీస్కపోయేలోపలనే పానం పోయింది."

అయ్యో అనుకుంది ఆమె. మంచి మనిషి. కానీ రొట్టె పిచ్చేమిటో అని నొచ్చుకుంటూనే అంది.

"పిచ్చి కాదవ్వా," అన్నాడు అమరేందర్. "నాకొక్కనికే చెప్పిండు. సారు నౌకరి పోతదని ఆయన బతికున్నన్ని దినాలు నేను బయట చెప్పలేదు. సారు గూడ అప్పట్ల దళంల ఉన్నోడే. ఒక పిల్లగాడు అడవిల ఆయన ఒళ్లె తల పెట్టి సచ్చిపోయిండట. పోయేముందు, మా అమ్మకు చెప్పమని ఒక మాట చెప్పిండట. దళంల అసలు పేరు, ఊరి పేరు చెప్పుకోరు. కేతేపల్లి దిక్కు అని ఒక్కటే ఎరుక. ఈ సర్వేకు గీ ఊర్లు ఏరుకున్నది గందుకే."

నర్సింగమ్మ గోడకు ఆనుకుంది. "సీదా అడగకపోయిండా?"

"నేను గూడ గదే అడిగిన. వేరే తల్లికి సావుకబురు చెప్తె ఎట్లరా, గుర్తు దొరకాలె గద అన్నడు. చెల్లె తినకుండ వాళ్లమ్మ ఆ పిల్లగాని రొట్టె నడుమ బొటనవేలు ఒత్తి కాల్చేదట. గదీ గుర్తు."

ఆమె అమరేందర్ ఎదురుగా అరుగు మీద కూర్చుంది.

"గా మాటేంది బిడ్డా?" అంది.

"నాకు చెప్పలేదవ్వా. తల్లికి తప్ప ఎవరికీ చెప్పేది కాదన్నడు."

నర్సింగమ్మ లేచి లోపలికి వెళ్లింది. ఉట్టి దించి, మూకుడు తీసి, రొట్టె తెచ్చి అమరేందర్ ముందు పెట్టింది. నడుమ బొటనవేలి గుంట ఉంది.

"రాస్కో బిడ్డా. ఒక్క కొడుకు. దశరథం."

ఆ ఒక్క జవాబు కోసం ఊరూరా రొట్టెలడుక్కుని తిరిగిన మనిషి, ఆమె కొడుకు కడపటి మాట విన్న ఒకే ఒక్క మనిషి, నిరుడు ఇదే అరుగు మీద ఆమె చేతి రొట్టె తిని, ఆ మాట తనతోనే తీసుకుపోయాడు.