పలకొద్దంటే పలికింది

కాస్త దగ్గరికి జరగండి, ఇది చెవి ఒగ్గి వినాల్సిన ముచ్చట.

రహమత్ నగర్‌లో, తెల్లారితే సదరం శిబిరం అనగా, నర్సింహ వాకిట్లో పెళ్లాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెబుతున్నాడు. వికలాంగుల పింఛనుకు డాక్టరు కాగితం ఇచ్చే శిబిరం అది. నర్సింహ మంచివాడే, నోరే కొంచెం పెద్దది.

“నీ పేరేంది?”

“మనోజ.”

“అగో, మల్ల పలికినవ్! రేపు డాక్టర్ అడిగితే గూడ గిట్లనే పలుకుతవా? నేల దిక్కు చూడు. ఆయన మొకం దిక్కు చూసినవంటే ఆగవు నువ్వు.”

“ఇరవై ఏండ్ల అలవాటు. ఒక్క రోజుల యాడికి పోతది?”

మనోజ సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. గుంపులో నిలబడే వేషాలే, అయినా మంచి పేరు. అసిస్టెంట్ డైరెక్టర్ నోరు తెరిస్తే చాలు, పని అందుకునేది. నలభై దాటాక పిలుపులు తగ్గాయి. ఇప్పుడు ఈ చెవిటి పింఛను రాకపోతే బిడ్డ కాలేజీ మానెయ్యాలి.

సరిగ్గా అప్పుడే పక్కింటి భూలక్ష్మి చంకలోంచి నీళ్ల బిందె జారి, మనోజ వీపు వెనక ధనేల్‌మని పడింది. నర్సింహ ఎగిరిపడ్డాడు. మనోజ రెప్ప కూడా ఆర్పలేదు.

“అబ్బబ్బ, ఏం యాక్టింగే తల్లీ! హీరోయిన్ కావాల్సినదానివి నువ్వు,” అంది భూలక్ష్మి.

మనోజ వెనక్కి తిరగనైనా లేదు.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టర్ రఘునందన్ టీ తాగుతూ తలెత్తాడు.

“పేరేంటమ్మా?”

“మనోజ, సార్.”

నర్సింహ నెత్తి పట్టుకున్నాడు.

“ఎక్కడుంటారు?”

“రహమత్ నగర్, సార్.”

“చక్కగా వినిపిస్తోందిగా! పాత రిపోర్టులేవి? ఒక్క ఆసుపత్రి చీటీ అయినా ఉందా?”

“లెవ్వు సార్,” అన్నాడు నర్సింహ. “ఎన్నడు సూపించలె. తెలిస్తే షూటింగులకు పిలువరని దాచినం.”

“డైలాగు బాగానే రాసుకొచ్చారు.” డాక్టర్ కలం తీశాడు. ఆయన ‘లోపం లేదు’ అని రాస్తే ఇక అంతే సంగతులు. ఇంతలో తుమ్ము వచ్చింది. జేబులోంచి మాస్కు తీసి తగిలించుకుని, “పిల్లలెంతమంది?” అని అడిగాడు.

మనోజ పలకలేదు.

“ఓహో, వేషం ఇప్పుడు గుర్తొచ్చిందా? పిల్లలెంతమందమ్మా?”

ఆ అరుపుకి వరసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. మనోజ ఆయన వైపే చూస్తూ నవ్వబోయింది, మళ్లీ ఆగింది.

“దొంగ కేసు. బయటికి పంపండి.”

నర్సింహ రెండు చేతులతో బల్ల పట్టుకున్నాడు. “సార్, మీ కాళ్లు మొక్కుత. జర ఆ మాస్కు తీయుండ్రి.”

డాక్టర్ విసుగ్గా మాస్కు కిందికి లాగాడు. ఏదో అనబోయి ఆగాడు. మనోజ మొహంలోకి చాలాసేపు చూశాడు. కలం పక్కన పెట్టాడు.

ఇక్కడి ముక్క గుర్తుపెట్టుకోండి, రేపు మీరు పదిమందికి చెప్పేటప్పుడు ఇది తప్పిపోకూడదు.

గొంతులోంచి చప్పుడన్నది రానివ్వకుండా, ఉత్త పెదవులు మాత్రం కదిపి డాక్టర్ మళ్లీ అదే ప్రశ్న వేస్తే, “ఒక్కతే బిడ్డ, సార్,” అని మనోజ ఠక్కున చెప్పింది.