చందమామ పొట్లం

ఒక ముసలామె వచ్చి, సక్కుబాయి చేతిలోని మందు పొట్లం లాక్కుంది. వేలు నాలుకకు అద్దుకుని, పొట్లం మీది చందమామ బొమ్మను బరబరా చెరిపేసింది.

"ఏం పుట్టింది నీకు?" సక్కుబాయి అరిచింది.

యాభై ఆరులో, బెల్లంపల్లి దగ్గర ఒక బొగ్గు బాయి దవాఖానా అది. చదువు రానివాళ్లకు మందులు అక్కడ బొమ్మలతోనే ఇచ్చేవారు. సూర్యుడున్న పొట్లం పొద్దున కూతకు, చందమామ ఉన్నది రాత్రి కూతకు. గడియారం ఎవరింట్లో ఉంది కనుక! పాళీ మారినప్పుడల్లా మోగే బాయి సైరను కూతే అందరికీ గడియారం.

"మీ ఆయనది ఏ పాళీ బిడ్డా?"

"ఆయన పాళీ నీకెందుకే? ఒళ్లంత దద్దుర్లు లేసి సస్తుండు."

"ఏ పాళీ, చెప్పు!"

"నిన్నటిసంది రాత్రి పాళీ. అయితే?"

"గీ గోలీల మత్తున్నది. మింగి బాయిలకు దిగితే ఆడనే పంటడు."

"పోయిన వారం గిదే మింగిండు. ఏం కాలే."

"పోయిన వారం మింగి ఇంట్ల పండిండు. ఇప్పుడు ఉరికే బొగ్గు టబ్బుల నడుమ నిలవడాలె. పొద్దుగాల వచ్చినంక మింగమను. మింగుడు మొదలువెట్టినంక నాలుగొద్దులు బాయికి పోనియ్యకు. పాళీ ఒక్కపూటల మారుతది గని ఒళ్లు మారదు. మందు గుడ అన్నం లెక్కనే బిడ్డా, ఒళ్లు పండే యాళ్లకు ఒకతీరు, లేసే యాళ్లకు ఒకతీరు అరుగుతది."

నాలుగు రోజులు నాగా పెడితే పనిలోంచి పేరు కొట్టేస్తారు. సక్కుబాయికి ఒళ్లు మండింది.

"కాంపౌండర్ సారూ! గీ పిచ్చిది నా మందు ఖరాబ్ జేసింది!"

కాంపౌండర్ రామచంద్రం కిటికీలోంచి తొంగి చూశాడు. ముసలామెను చూడగానే అతని మొహం ఎర్రబడింది.

"మళ్లొచ్చినవా? నువ్వేమన్న డాక్టరువా? అంజన్నా, దీన్ని బయటికి గుంజు! ఇంకోపారి లోపలికొస్తే నీ నౌకరి పోతది!"

కావలి అంజన్న నేలచూపులు చూస్తూ ముసలామె రెక్క పట్టుకున్నాడు. ఆమె మెట్ల మీద జారి పడింది. వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. లేపడానికి ఒక్కడూ కదల్లేదు.

"మింగనియ్యకు బిడ్డా!" పడ్డచోటి నుంచే అరిచింది.

రామచంద్రం కొత్త పొట్లం కట్టి, దాని మీద చందమామను రెండింతలు పెద్దగా గీశాడు. అంత పంతం!

ఆ రాత్రి కూత వినగానే సక్కుబాయి తన చేత్తోనే మొగుడికి గోలీ మింగించి పనికి పంపింది.

తెల్లారి ఆమె మొగుడు కొమురెల్లిని నలుగురు మోసుకొచ్చారు. గోడకు ఆనుకుని నిద్రపోయాడట. పట్టాల మీద బొగ్గు టబ్బు దొర్లుకొస్తుంటే ఎంత అరిచినా లేవలేదట. కుడికాలు మోకాలి కింద లేదు.

సక్కుబాయి దవాఖానా కిటికీ ఊచలు పట్టుకుని ఊపేసింది.

"ఆ ముసలామెకు తెలిసింది నీకు తెల్వదా? ఏం సదివినవ్?"

"అరవకు! గీ దవాఖానల మొదటిసంది గిదే పద్ధతి. నేను పెట్టిన్నా?"

రామచంద్రం ఆమె మొహం మీదే కిటికీ తలుపు మూసేశాడు. ఒక మనిషి కాలు పోతే అతనిచ్చిన జవాబు అంతే.

సక్కుబాయి కోపం ఏడుపైంది. అంజన్న దగ్గరికి వెళ్లింది.

"ఆమె ఏడుంటది అన్నా? కాళ్లు మొక్కుత, జర తోలుకరా."

"ఇంకేడున్నది చెల్లె! నిన్ననే మూట గట్టుకొని కాజీపేట బండెక్కింది. ఎవ్వలు వింటలేరు, ఇంకెందుకుండాలె అన్నది."

"ఎవరన్నా ఆమె?"

అంజన్న ఆమె జారిపడ్డ మెట్ల వైపు చూశాడు.

"చంద్రవ్వ, గీ దవాఖానకు మొదటి ఆయా. సదువు రానోళ్లు మందు తప్పు మింగుతుండ్రని పొట్లాల మీద సూర్యున్ని, చందమామను గీసుడు మొదలువెట్టింది ఆమెనే. ఆమె గీసిన చందమామను సూసి, గోలీ మింగి రాత్రి పాళీకి దిగి, అందరికన్న ముందుగాల పాణం ఇడిసినోడు ఆమె పెనిమిటే."