నొప్పి లేని పరీక్ష

“మెల్లగా తీయమ్మా! మా నాయన మనిషా, మానా?”

గుణశేఖర్ అరుపుకు తమిళనాడులోని గుడియాత్తం స్కూల్లో పెట్టిన కరోనా పరీక్షల క్యాంపంతా ఇటు తిరిగింది.

అతని తండ్రి వెంకటాద్రి ముక్కు పట్టుకుని కూర్చున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

పుల్ల పట్టుకున్న ఆడమనిషికి అరవై దాటి ఉంటాయి. ఒళ్లంతా కప్పిన తెల్ల కోటు మీద సుజిత అని పేరు రాసి ఉంది.

“సగంలోనే నా చెయ్యి లాగేస్తివే నాయనా. ఇది పనికిరాదు. ఇంకొక తూరి తీయల్ల.”

“ఇంకొక తూరా? ఆయనకు డెబ్బై ఏండ్లు!”

“అందుకే చెప్తా ఉండా. ముక్కు వెనకదాకా పోకుంటే జబ్బు ఉండేది తెలీదు.”

గుణశేఖర్ వినలేదు. తండ్రిని లేపి పక్క బల్ల దగ్గరికి తీసుకుపోయాడు.

అక్కడున్నతను పుల్లను ముక్కు అంచున ఒకసారి తిప్పి గొట్టంలో వేసేశాడు.

“నొచ్చిందా నాయనా?” గుణశేఖర్ తండ్రిని అడిగాడు.

“లేదబ్బా. తెలియనే లేదు.”

“చూసినారా? పనంటే ఇట్ల చేయల్ల!”

సుజిత లేచి వచ్చింది. “అది చాలదప్పా. మళ్లా తీయి,” అంది అతనితో.

గుణశేఖర్‌కు ఒళ్లు మండిపోయింది. నేరుగా క్యాంపు అధికారి దగ్గరికి వెళ్లాడు. క్యూలో ఉన్న ఇరవై మంది వంత పాడారు.

“ముసలోళ్లని చంపేస్తా ఉండాది సార్! ఆమె ఉంటే మేము చేయించుకోము!”

మధ్యాహ్నానికి సుజితను ఇంటికి పంపేశారు.

పోతూ పోతూ ఆమె గుణశేఖర్ దగ్గర ఆగింది. “నా మీద కోపం ఉండనీ నాయనా. ఆయనకు దగ్గు వస్తే మాత్రం కాగితాన్ని నమ్మొద్దు.”

అతను మొహం తిప్పుకున్నాడు.

జబ్బు లేదని కాగితం వచ్చింది.

మూడో రోజు దగ్గు మొదలైంది. లేదని రాసిచ్చారు కదా అని ఇంట్లో కషాయం కాచి పోశారు. ఎనిమిదో రోజు ఊపిరి అందక వెంకటాద్రిని అంబులెన్సులో వేలూరు తీసుకుపోయారు.

రెండు రోజులకు పోయాడు.

“లేదని కాగితం ఇచ్చినోళ్లను వదిలేది లేదు! కేసు పెడతా!” ఆస్పత్రి వరండాలో గుణశేఖర్ గొంతు చించుకున్నాడు.

డాక్టర్ హేమమాలిని బయటికి వచ్చింది. చిత్తూరు వైపు మనిషి. తెలుగులోనే అడిగింది.

“నాలుగు దినాలు ముందు తెచ్చుంటే బతికించుకునేవాళ్లం. పరీక్ష యాడ చేయించినారు? ఎవరు తీసినారు?”

అతను క్యాంపులో జరిగిందంతా చెప్పాడు. “ముందు ఒకామె పొడిచి పొడిచి తీసింది డాక్టరమ్మా. సుజితంట. అందరం కలిసి పంపించేసినాము.”

డాక్టర్ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

“రిటైరైపోయిన మనిషి, జీతం వద్దని తనే వచ్చి కూచునింది,” అంది. “నాకూ, ఈ ఆస్పత్రిలో అందరికీ, ఈ పరీక్ష తీసేది నేర్పించింది ఆమే.”